పోలీసు శౌర్యపతకములు - కుటుంబపత్రముల సాక్ష్యము

"మా ముత్తాతగారికి దొరతనమువారు శౌర్యపతకమిచ్చినారు" అను మాట తెలుగువారి యిండ్లలో అప్పుడప్పుడు వినవచ్చును. ఆ ముత్తాత పోలీసు ఉద్యోగి. మన్యములోనో, బందిపోటు దొంగల వెంటనో, వరదలోనో ప్రాణమునకు తెగించి యొక పని చేసెనని చెప్పుదురు. ఆధారము చూపుమన్నచో పెట్టెలోనుండి ఒక వెండిబిళ్ళయు, గోడమీదినుండి తలపాగా ధరించిన మనిషి ఛాయాచిత్రమొకటియు బయటికి వచ్చును. కొన్ని కుటుంబములలో అవియును ఉండవు. మాట మాత్రమే మిగిలియుండును. ఈ మాట చరిత్రగా నిలువవలెనన్నచో నాలుగు సంగతులు తేలవలెను: మనిషి ఎవరు, చేసిన పని ఏది, పొందిన గౌరవము ఏది, కాలము ఏది. కుటుంబస్మృతిలో ఈ నాలుగును ఒక్కసారిగా చెడవు. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున మారిపోవును. పని నిజమై మనిషి మారవచ్చును. మనిషి నిజమై గౌరవము మారవచ్చును.

ఇట్టి పరిశోధనను చరిత్రకారులకో, పతకములను సేకరించువారికో విడిచిపెట్టుట పరిపాటి. కాని ఆధారములు ఒకవైపు ఇంగ్లీషు గెజెట్టులోను, మరియొకవైపు తెలుగు ఉత్తరములలోను, పాత పంచాంగముల అంచులలో వ్రాసికొన్న గుర్తులలోను చెదరియున్నప్పుడు, రెండింటిని కలుపగలది భాషాజ్ఞానమే. పేర్ల వ్రాత, హోదాలకు జనులు పెట్టుకొన్న పలుకుబళ్ళు, తిథుల లెక్క, ఒక్కొక్క పదమునకు ఆనాడుండిన అర్థము - ఇవి తెలియనివాడు గెజెట్టును చేతబట్టుకొనియు తన తాతను గుర్తింపజాలడు. గ్రంథపరిష్కర్తకు అలవాటైన పద్ధతియే ఇక్కడను అక్కరకు వచ్చును. పాఠభేదములను చూచుట, ఏ ప్రతి ఏ ప్రతినుండి పుట్టినదో కనుగొనుట, మిక్కిలి అందముగా నున్న పాఠమును అనుమానించుట - ఇంతే.

మొదట గౌరవము సంగతి. బ్రిటిషు పరిపాలనలో భారతీయుడైన పోలీసు ఉద్యోగికి రాదగినవి పలు విధములు. రావుసాహెబు, రావుబహదూరు, ఖానుబహదూరు మొదలగునవి బిరుదులు; వానికి సన్నదు ఉండును. పతకములు వేరు. 1909 జూలై 7వ తేదీ రాజశాసనముచే చక్రవర్తి పోలీసు పతకము ఏర్పడినది. ఇది వెండిది. సంవత్సరమునకు మొత్తము 120 పతకములకు మించరాదనియు, అందు భారతదేశమునకు 50కి మించరాదనియు మొదటి నియమము. 1932లో భారత పోలీసు పతకము వేరుగా ఏర్పడెను, అది కంచుది. 1940లో అగ్నిమాపక సేవల మాటను కూడ చేర్చి మొదటిదాని పేరు మార్చిరి. స్వాతంత్ర్యానంతరము 1951 మార్చి 1న రాష్ట్రపతి పోలీసు, అగ్నిమాపక సేవా పతకమును, పోలీసు పతకమును స్థాపించిరి. ఆ పేర్లును 2024లో మరల మారినవి. ఇంటివారికి ఈ తారతమ్యములతో పనిలేదు. వారికి అన్నియు "మెడల్" అను ఒక్క మాటయే. సన్నదును పతకమని, పతకమును బిరుదమని, శిక్షణ పాఠశాలలో పరుగుపందెమునకు వచ్చిన బిళ్ళను శౌర్యపతకమని చెప్పుకొనుట కలదు. ఇది అబద్ధమాడుట కాదు, పేర్లు తెలియకపోవుట.

ఇక్కడనే ఒక పెద్ద చిక్కు కలదు. 1909 నాటి పతకము శౌర్యమునకు మాత్రమే ఏర్పడినది కాదు. ప్రాణములను ఆస్తులను కాపాడుటలో చూపిన ధైర్యమునకును, నేరస్థులను పట్టుకొనుటలో చూపిన తెగువకును అది వచ్చును. సుదీర్ఘమైన సమర్థసేవకును, పోలీసు దళములను చక్కదిద్దినందుకును, రహస్య రాజకీయ సేవకును వచ్చును. బిళ్ళ ఒక్కటే. 1933లోగాని పతకము వెనుకవైపున "శౌర్యమునకు" అనియు, "విశిష్టసేవకు" అనియు వేరువేరుగా అక్షరములు చెక్కుట ఆరంభము కాలేదు. తరువాత శౌర్యపతకపు పట్టీకి సన్నని ఎర్రగీతలు చేర్చిరి. కావున 1933కు ముందు పతకము పొందిన పూర్వికుడు శూరుడా, దక్షుడా అన్నది పతకము చెప్పదు. గెజెట్టులోని జాబితాయు పేరు, హోదా, రాష్ట్రము మాత్రమే చెప్పి యూరకుండవచ్చును. ముప్పదియేండ్లు కచ్చేరిలో లెక్కలు సరిచూచినందుకు పతకము పొందిన తాత, మనుమల కాలము వచ్చుసరికి పులివంటి దొంగను ఒంటిచేత పట్టిన వీరుడైన పక్షమున ఆశ్చర్యపడనక్కరలేదు. పతకమునకు కథ కావలెను. ఇంటివారు దానికి తగిన కథను సమకూర్చుదురు.

పతకము చేతికి దొరకినచో మొదట చూడవలసినది దాని అంచు. పొందినవాని పేరును, హోదాను అంచుమీద చెక్కుట ఆచారము. ముఖభాగమున ఏడవ ఎడ్వర్డు ఉన్నాడా, అయిదవ జార్జి ఉన్నాడా, ఆరవ జార్జి ఉన్నాడా అన్నది కాలమును కొంత బిగించును. వెనుకవైపున ఖడ్గమును డాలును ధరించిన నిలువు మూర్తి కలదు. ఆ డాలుమీద "నా ప్రజలను కాపాడుటకు" అను అర్థము గల ఇంగ్లీషు మాటలు కలవు. తెలుగున "ప్రజ" అనగా సంతానమును కూడ చెప్పును గదా. ఎవని ప్రజలు, ఎవరినుండి కాపాడుట అను ప్రశ్నకు ముందు ముందు రావలసియున్నది. "చక్రవర్తి స్వయముగా మా తాతగారి రొమ్మున తొడిగెను" అను కథ వినబడినప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను: సింహాసనము మీద నుండగా భారతదేశమునకు వచ్చిన బ్రిటిషు చక్రవర్తి అయిదవ జార్జి ఒక్కడే, అదియు 1911-12 నాటి ఢిల్లీ దర్బారు యాత్రలో. ఆ శీతకాలమును దాటిన తేదీతో ఈ కథ చెప్పబడినచో, తొడిగినవాడు గవర్నరో మరియొక అధికారియో అయియుండును.

మనిషిని గుర్తుపట్టుట ఇంతకన్న కష్టము. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఇంగ్లీషు జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరమునకు తగ్గిపోవును. అదియు ఏ అక్షరమనునది వ్రాసిన గుమాస్తా చెవిని బట్టి యుండును. "రావు" అను మాటను రెండు విధముల వ్రాయుదురు. "నాయుడు" అనుదానిని మూడు విధముల వ్రాయుదురు. ఊళ్ళ పేర్లును అంతే: విశాఖపట్టణము విజాగపటముగను, కాకినాడ కొకనాడగను, ఏలూరు ఎల్లోరుగను కనబడును. ఈ రూపములను ముందుగా ఒక కాగితముమీద వ్రాసికొని వెదకవలెనేగాని, నేటి వర్ణక్రమముతో వెదకి దొరకలేదని లేచిపోరాదు. ముద్రిత గెజెట్టులను యంత్రము చదివి సూచికలు తయారుచేయు నేటి కాలమున ఈ జాగ్రత్త మరింత అవసరము. యంత్రమునకు తెలుగు ఇంటిపేర్లతో పరిచయము తక్కువ.

చెన్నపట్టణపు ప్రభుత్వ గెజెట్టులో ఒక ఆచారము పరిశోధకునకు మిక్కిలి ఉపకరించును. భారతీయుడైన ఉద్యోగి పేరునకు ముందు "ఎం. ఆర్. ఆర్‌వై." అను అక్షరములుండును. ఇది మన ఉత్తరములలోని "మహారాజరాజశ్రీ" అను సంబోధనమునకు సంక్షేపము. తెలుగులో దీనినే "మ. రా. రా. శ్రీ" అని వ్రాసెడివారు. పేరు చివర తమిళునకు "అవర్గళ్" అనియు, తెలుగువానికి "గారు" అనియు చేర్చుట వాడుక. "పంతులుగారు", "నాయుడుగారు", "చెట్టిగారు" అని కులసూచకము కూడ వెంట వచ్చును. ఒకే పేరు గల ఇరువురు వేంకటరామయ్యలలో ఎవరు గోదావరి మండలమువారో, ఎవరు తంజావూరివారో ఈ ఒక్క తోకమాట చెప్పగలదు. ఇంగ్లీషు ప్రభుత్వపు అచ్చుపుస్తకములో తెలుగు మర్యాదావాచకము ఇట్లు సాక్ష్యమిచ్చుట భాషాపండితులు గమనింపదగిన విషయము. ఇతర భాషాప్రాంతముల గెజెట్టులలో ఇట్టి అలవాట్లు ఎట్లుండెనో సరిపోల్చి చూచినచో మంచి ఫలితములు రాగలవు. కాని ఈ మర్యాద కానిస్టేబులునకు లేదు. అతనికి నంబరు కలదు. జిల్లా మారినచో ఆ నంబరును మారును. కావున క్రింది హోదాలవారి చరిత్రలో పేరుకన్న నంబరును, నంబరుకన్న జిల్లాను ముందు పట్టుకొనవలెను.

తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము మరియొక ఉచ్చు. ఒక తరము విడిచి ఒక తరమునకు అదే ఇంటిపేరు, అదే సొంతపేరు తిరిగివచ్చును. తాత 1890లలో హెడ్డు కానిస్టేబులుగాను, అదే పేరు గల మనుమడు 1930లలో సబు ఇన్స్పెక్టరుగాను ఉన్న కుటుంబమున ఒకని పతకము మరియొకని మెడలో పడుటకు రెండు తరములు చాలును. ఇట్టిచోట శ్రాద్ధమున చెప్పు మూడు తరముల పేర్లు - తండ్రి, తాత, ముత్తాత - కొంత దారి చూపును. అవి క్రమము తప్పవు, ఎందుకనగా వానిని చెప్పువాడు కథ చెప్పుట లేదు, కర్మ చేయుచున్నాడు. కొన్ని కులములకు వంశావళులు చెప్పు పిచ్చుకుంట్లవారి నోట ఇంటిపేర్లు, గోత్రములు నిలిచియున్నవి. ఇంకొక సంగతి: పతకము కొడుకు ఇంటనే ఉండవలెనని లేదు. కూతురు ప్రేమతో అడిగి తీసికొనిపోయినచో అది మరియొక ఇంటిపేరు గల గోడమీదికి చేరును. ఆ యింటివారికి అది తల్లి తండ్రిదో, అమ్మమ్మ తండ్రిదో. మగ సంతతి వెంటనే వెదకినవారికి వస్తువు దొరకకపోవుటకు ఇదియే తరచు కారణము. ముసలి ఆడుబిడ్డలను అడుగని వంశచరిత్ర సగము చరిత్ర.

హోదాల పలుకుబళ్ళు వేరొక నిఘంటువు. "హెడ్డుగారు", "ఎస్సైగారు", "సర్కిలుగారు", "డిప్టీగారు" అను మాటలు సర్కారు జిల్లాలలో నిలుకడగా నుండినవి. అయితే జనుల నోట పోలీసు ఉద్యోగి యనగా "ఇనస్పెక్టరు" అనియే. 1902-03 నాటి పోలీసు కమిషను సిఫారసుల పిదపగాని సబు ఇన్స్పెక్టరులు ఠాణాలకు అధికారులుగా రాలేదు. అంతకుముందు చెన్నరాష్ట్రమున ఠాణా హెడ్డు కానిస్టేబులు చేతిలో నుండెను. కావున 1895లో మా ముత్తాత ఫలానా ఠాణాకు సబు ఇన్స్పెక్టరనుట సరిచూడవలసిన మాట. నైజాము రాజ్యమున పేర్లే వేరు. అక్కడ సబు ఇన్స్పెక్టరును "అమీను" అందురు, జిల్లా అధికారిని "మొహతెమీము" అందురు. అచటి ప్రభుత్వపత్రములు ఉర్దూలో నుండును, వానిలోని ఫసలీ సంవత్సరము అక్టోబరులో ఆజూరు మాసముతో మొదలగును. చెన్నరాష్ట్రపు ఫసలీ జూలైలో మొదలగును. రెండు చోట్లను 590 కలిపినచో క్రీస్తుశకమే వచ్చునుగాని, ఫసలీ 1332లో మొదటి మూడు నెలలు ఒకచోట గడచిపోయిన తరువాతగాని మరియొకచోట ఆ సంవత్సరము పుట్టదు. హైదరాబాదు నగరమునకు 1920 నుండి 1934 వరకు కొత్వాలుగా నుండిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డి తెలుగువాడు. ఆయన బిరుదు నైజాము ఇచ్చినది. ఆయన చరిత్రను సురవరము ప్రతాపరెడ్డి తెలుగున వ్రాసెను. అటువంటి భాగ్యము అమీనులకు, జవానులకు లేదు.

కాలనిర్ణయమునకు రంప మన్యపు పోరాటము మంచి ఉదాహరణము. "తాతగారు రంప పితూరీలో పతకము తెచ్చుకొన్నారు" అని ఒక కుటుంబము చెప్పినదనుకొందము. రంప పితూరీ ఒకటి కాదు. 1879-80లో ఒకటి జరిగెను. అల్లూరి సీతారామరాజు నడపినది 1922-24 నాటిది. మొదటిదానికి చక్రవర్తి పోలీసు పతకము రానేరదు. అప్పటికి ఆ పతకమే లేదు. తరముల లెక్క తాతను మొదటి పితూరీలో నిలిపినచో, ఇంటనున్న వస్తువు మరియొకటి కావలెను. రెండవదానిలో నిలిపినచో వెదకుటకు గట్టి తేదీలు కలవు: 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. దుందుభి నామ సంవత్సరమున శ్రావణము ముగిసి భాద్రపదము పుట్టిన సంధి అది. పంచాంగపు అంచున "శ్రావణ బ. అమావాస్య, ఠాణా మీద పడిరి" అని గుర్తున్నచో అది చింతపల్లియే యగును, భాద్రపద శుద్ధమనుచో తరువాతివానిలో ఒకటి. అటులనే సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డు, హైటరు అను ఇరువురు ఇంగ్లీషు అధికారులు చనిపోయిన దినము శరన్నవరాత్రులలో పడినది. "దసరా పండుగనాళ్ళలో దొరలు చచ్చిరి" అని ముసలివారు చెప్పినచో అది నెల తప్పిన జ్ఞాపకము కాదు.

పని జరిగిన దినమునకును, గెజెట్టు దినమునకును నడుమ నెలలు గడచును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును. పోలీసు పతకముల జాబితాలు ప్రధానముగా జనవరి 1 నాటివి. ఇల్లు పని జరిగిన దినమును జ్ఞాపకముంచుకొనును, గెజెట్టు ప్రకటించిన దినమునే ఎరుగును. ఈ రెండును ఒక్కటికాకున్న కథ అబద్ధమనుట తొందరపాటు. మరియు మన్యములో పనిచేసిన దళములన్నియు తెలుగు జిల్లాలవి కావు. మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చిరి. 1924లో అస్సాము రైఫిల్సు వచ్చెను. జాబితాలు రాష్ట్రముల వారీగా నుండును. గూడెము కొండలలో జరిగిన పనికి గౌరవము అస్సాము శీర్షిక క్రింద కనబడవచ్చును.

గెజెట్టు ఇంటి గుమ్మము మాత్రమే. లోపలికి పోవలెనన్నచో సిఫారసు ఎక్కిన మెట్లనే దిగవలెను. జిల్లా సూపరింటెండెంటు వ్రాసిన నివేదిక ఇన్స్పెక్టరు జనరలునకు, అక్కడినుండి చెన్నపట్టణపు ప్రభుత్వమునకు, అక్కడినుండి భారత ప్రభుత్వపు హోముశాఖకు పోవును. ఒక్కొక్క మెట్టున కథ కురుచయగును. క్రింద పది పుటలున్నది పైన పది పంక్తులగును, లండనులో ఒక్క పేరగును. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయమున హోముశాఖ పోలీసు విభాగపు ఫైళ్ళు, చెన్నై ఎగ్మూరులో మద్రాసు ప్రభుత్వపు ఉత్తరువులు, హైదరాబాదు తార్నాకలో నైజాము పత్రములు, లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున ఇండియా ఆఫీసు రికార్డులు - ఈ నాలుగు చోట్లను చూచినగాని లేదనరాదు. డిప్యూటీ సూపరింటెండెంటు మొదలైన గెజెటెడు హోదావారికి అచ్చయిన సేవాచరిత్రలు కలవు. అంతకు క్రిందివారికి సర్వీసు రిజిస్టరు, పెన్షను కాగితములు దిక్కు. స్వాతంత్ర్యానంతరపు శౌర్యపతకములకు నెలసరి భత్యము కలదు. కావున భార్యకు అందిన భత్యపు రసీదు పతకముకన్న స్పష్టముగా మాటాడును. పోలీసు కార్యాలయములలో మిగిలిన పాత కాగితములను అడుగుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము సాధనము.

ఈ మెట్లు దిగినకొలది భాష మారును. పైన ఇంగ్లీషు, అడుగున తెలుగు. సాక్షుల వాఙ్మూలములను తెలుగున తీసికొని ఇంగ్లీషునకు మార్చెడివారు. ఆ మార్పులో కొన్ని మాటలు అట్లే నిలిచిపోయినవి. "పితూరి" వానిలో ఒకటి. పారశీకముద్వారా వచ్చిన "ఫితూరు" శబ్దము తెలుగున పితూరి యైనది. ఇంగ్లీషు నివేదికలు దానిని "ఫిటూరి" అని తమ లిపిలో ఉంచుకొన్నవి. తరువాతి తెలుగున పితూరి చెప్పుట యనగా చాడీ చెప్పుట. నేటి మనుమడు పాత ఉత్తరమున "పితూరీ పనిమీద కొండకు పోయితిని" అను వాక్యమును చదివి, తాత ఎవరిమీదనో ఫిర్యాదు విచారించుటకు పోయెననుకొన్నచో అతని తప్పు కాదు. "ముఠా" అనునది మరియొకటి. మన్యమున అది కొన్ని గ్రామముల కూటమి. దాని యజమాని ముఠాదారు. రాజు పక్షమున నిలిచిన గాము సోదరులు ముఠాదారుల వంశము వారు. నేటి పత్రికాభాషలో ముఠా యనగా దొంగల గుంపు. "ముఠాదారుని పట్టుకొనినందుకు బహుమానము" అని పాత కాగితములో నున్నచో, పట్టుబడినవాడు గజదొంగ కానక్కరలేదు. తన భూమిపై హక్కులు కోల్పోయిన కొండ పెద్ద కావచ్చును. "దొర" మరింత ప్రమాదకరము. తెల్లవాడు దొరయే, గంటము దొర దొరయే. "మా తాత దొరను కాపాడినాడు" అను వాక్యమునకు రెండు చరిత్రలు కలవు.

అన్నిటికన్న విచారింపదగిన పదము "సాహసము". పతకములను గూర్చి తెలుగున వ్రాయునప్పుడు శౌర్యము, సాహసము, ధైర్యము అను మూడింటిని ఒకదానికి బదులొకటి వాడుచుందురు. ధర్మశాస్త్రమున సాహసము ప్రశంస కాదు. అది పదునెనిమిది వ్యవహారపదములలో ఒకటి. బలముచే, బహిరంగముగా చేయు నేరమునకు పేరది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆశ్రయించి కేతన పదమూడవ శతాబ్దమున తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయము ఆ వ్యవహారభాషను తెలుగునకు తెచ్చినది. ఈ దృష్టితో చూచినచో ఠాణా మీద పడినవానిది సాహసము. వానికి ఎదురునిలిచిన కానిస్టేబులునకు పతకపత్రమున వ్రాయు మాటయు సాహసమే. భాష ఇరువురను ఒక్క పదముతో చెప్పుచున్నది. పత్రము రెండవవానినే వీరుడనుచున్నది. కాలము మొదటివానిని వీరుడనినది: 1986లో సీతారామరాజు పేర తపాలాబిళ్ళ వచ్చెను, 2022లో ఒక జిల్లాయే ఆయన పేరున ఏర్పడెను.

ఆ కానిస్టేబులు వంశమువారు ఏమి చేయవలెను? కొన్ని కుటుంబములు పతకమును దాచివేయుదురు. సహాయనిరాకరణోద్యమమున బిరుదులను విడువుడని పిలుపు వచ్చిన నాటినుండియు ఇది కలదు. మరికొన్ని కుటుంబములు ఎదుటివానిని "బందిపోటు" అను పాతమాటలోనే ఉంచి కథను అందముగా కాపాడుకొందురు. ఈ రెండును పరిశోధన కాదు. పత్రములను చదివినకొలది సంగతి ఇంత తేలికగా విడిపోదు. దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ పోలీసులను పోనిచ్చి వెనుకవచ్చిన ఇంగ్లీషు అధికారులనే కొట్టిరని ఆ పోరాటమును వ్రాసినవారు చెప్పుచు వచ్చిరి. ప్రాణముతో ఇంటికి వచ్చిన ఆ పోలీసులలో ఒకడు మీ ముత్తాత యైనచో, అతడు బ్రతికినది తన శౌర్యము వలననా, ఎదుటివాని నియమము వలననా? పతకపత్రము మొదటిదానిని మాత్రమే చెప్పగలదు. ఇంటిలోని మాట, అందులోను భార్యతో చెప్పుకొన్న మాట, రెండవదానిని దాచియుండవచ్చును. ఆ మాట "మమ్ములను చూచి విడిచిపెట్టినారు" అన్నంత చిన్నదైనను, పరిశోధకుడు దానిని పతకముకన్న తక్కువగా చూడరాదు. కుటుంబములో ఒక్కరు మాత్రమే చెప్పినది, తక్కినవారు చెప్పుటకు ఇష్టపడనిది, పతకపు కీర్తికి భంగము కలిగించునది - ఇట్టి పాఠము కల్పితమగుట అరుదు. గ్రంథపరిష్కరణమున కఠినపాఠమునకు ఇచ్చు విలువయే దీనికిని ఇయ్యవలెను.

పాత కేసుల కాగితముల అడుగున సాక్షుల వాఙ్మూలములు ఉండును. సంతకము రానివాని వ్రేలిముద్ర, దానిప్రక్కన గుమాస్తా చేతివ్రాతలో పేరు, ఊరు, తండ్రిపేరు. భగత, కోయ, కొండదొర పేర్లు ఆ కాగితములలో ఇంగ్లీషు జాబితాలకన్న సరిగా వ్రాయబడి యుండుట సహజము, ఎందుకనగా వ్రాసినవాడు తెలుగువాడు, విని వ్రాసినాడు. ఒక పోలీసు పూర్వికుని పతకమును వెదకుచు అంతవరకు దిగినవారు తమ తాత పేరు దొరకగానే పుట మూసివేయక, ఆ ఊళ్ళ పేర్లను కూడ వ్రాసికొనవలెను. ఆ ఊళ్ళలో అదే దినమును గూర్చి చెప్పు మరియొక తాత కథ ఉండును. దానిని వారి మాటలోనే, వారి ఉచ్చారణతోనే వ్రాసికొని, పతకపత్రపు నకలునకు ప్రక్కన అదే కట్టలో ఉంచవలెను.